గేర్ల సంగతి తర్వాత, ముందు ఎడమ కాలు

పిల్లలకు కారు నేర్పించే రోజు వచ్చిందంటే ఇంట్లో మొదట వినిపించే మాట "గేర్లు మార్చడం వస్తే చాలు, మిగతాది అదే వస్తుంది" అని. ఈ లెక్క తిరగబడింది. గేర్ రాడ్డు ఎటు జరపాలో ఆగి ఉన్న కారులో కూర్చుని పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు, దాని మీద బొమ్మ కూడా వేసి ఉంటుంది. పద్దెనిమిదేళ్ల పిల్లల్ని ఏడిపించేది ఎడమ కాలు. క్లచ్ నొక్కడం ఎవరికైనా వస్తుంది, వదలడమే రాదు. మాన్యువల్ కారులో ఉన్న కష్టంలో ముప్పాతిక వంతు, ఆగి ఉన్న బండి కదిలే ఆ రెండు మూడు సెకన్లలోనే ఉంటుంది.

నేర్పేవాళ్లు సాధారణంగా "క్లచ్ మెల్లగా వదులు, యాక్సిలరేటర్ మెల్లగా ఇవ్వు" అని చెప్పి ఊరుకుంటారు. పిల్ల మెల్లగానే వదులుతుంది. బండి రెండుసార్లు ఎగిరిపడి ఆఫ్ అవుతుంది. "మెల్లగా అన్నానా లేదా?" అని మళ్లీ మొదలు. మెల్లగా అంటే ఎంత, ఎక్కడిదాకా, ఎక్కడ ఆగాలి? అది చెప్పకుండా ఎన్నిసార్లు అన్నా ఆ మాట కాలికి అందదు. చెప్పాలంటే ముందు ఆ పెడల్ కింద ఏం జరుగుతోందో నేర్పేవాళ్లకు తెలిసుండాలి.

పెట్రోలుదైనా డీజిలుదైనా ఇంజిన్‌కి పుట్టుకతోనే ఒక లోపం ఉంది. అది సున్నా నుంచి తనంతట తాను తిరగలేదు. ఎలక్ట్రిక్ మోటారు ఆగిన చోటి నుంచే పూర్తి బలంతో తిరుగుతుంది, అందుకే ఎలక్ట్రిక్ కార్లలో క్లచ్ పెడల్ ఉండదు. మన ఇంజిన్‌ని మాత్రం స్టార్టర్ తిప్పి లేపాలి, లేచాక నిమిషానికి సుమారు 700 నుంచి 900 చుట్లు తిరుగుతూనే ఉండాలి. అంతకన్నా బాగా కిందికి లాగితే ఆగిపోతుంది. ఇటు చక్రాలేమో కదలకుండా ఉన్నాయి. తిరుగుతున్నదాన్నీ తిరగనిదాన్నీ ఒక్కసారిగా కలిపేస్తే బండైనా ముందుకు దూకాలి, ఇంజినైనా ఆగిపోవాలి. కొత్తవాళ్ల చేతిలో ఈ రెండూ వరసగా జరుగుతాయి.

ఈ కలపడాన్ని కాస్త ఆలస్యం చేసేదే క్లచ్. ఇంజిన్ వెనక ఫ్లైవీల్ అనే బరువైన ఇనుప చక్రం తిరుగుతూ ఉంటుంది. దానికి ఎదురుగా గేర్‌బాక్స్ వైపు నుంచి ఒక ప్లేటు ఉంటుంది, దాని రెండు పక్కలా గరుకైన లైనింగ్ ఉంటుంది. ప్రెషర్ ప్లేటు స్ప్రింగు బలంతో దాన్ని ఫ్లైవీల్‌కి అదిమి పట్టుకుంటుంది. పెడల్ మొత్తం నొక్కితే ఆ పట్టు వదులుతుంది, మొత్తం వదిలేస్తే రెండూ ఒకటిగా తిరుగుతాయి. పిల్లలకు ఇది చూపించడానికి రెండు అరచేతులు చాలు. ఒక అరచేతిని తిప్పుతూ రెండోదాన్ని మెల్లగా ఆనిస్తే మొదట జారుతుంది, తర్వాత లాగుతుంది, చివరికి రెండూ కలిసి కదులుతాయి. అలా గట్టిగా రుద్దుతూనే ఉంటే చేతులు కాలతాయి. హాఫ్ క్లచ్‌లో, అంటే పెడల్ సగమే వదిలి, ఎక్కువసేపు ఉంచిన కారులో వచ్చే మాడు వాసన అలా పుట్టిందే.

పెడల్ కదిలే దూరంలో అసలు పని జరిగేది చిన్న భాగంలోనే. అడుగున కొంత దూరం వదిలినా ఏమీ కాదు, పైన కొంత దూరం వదిలినా ఏమీ కాదు. మధ్యలో ఒకటి రెండు అంగుళాల మేర ప్లేటు పట్టుకోవడం మొదలవుతుంది. ఆ చోటు ఒక్కో కారులో ఒక్కోలా ఉంటుంది, ప్లేటు అరిగేకొద్దీ చాలా కార్లలో పైకి జరుగుతుంది. కాబట్టి "మెల్లగా వదులు" అన్న సలహా సగమే నిజం. అడుగు భాగం చకచకా వదిలేయొచ్చు. పట్టు దొరికిన చోట కాలు ఆగాలి. వదలడం నెమ్మదించడం కాదు, నిజంగానే ఆగాలి. బండి కదిలి నాలుగడుగులు వేశాక మిగతాది వదలాలి. కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. బండి కదలగానే పనైపోయిందనుకుని కాలు ఎత్తేస్తారు. ఎక్కువసార్లు బండి ఆఫ్ అయ్యేది అప్పుడే, అంతకు ముందు కాదు.

ఇరవై ఏళ్లుగా కారు నడుపుతున్న నాన్నగారికి ఇది చెప్పడం రాదు, ఎందుకంటే ఆయనకిది గుర్తులేదు. ఆయన కాలు చేసే పని ఆయన దాకా రావడం ఎప్పుడో మానేసింది. అందుకే నేర్పే ముందు రోజు ఆయనే ఒక్కడూ ఖాళీ రోడ్డు మీదికి వెళ్లి, తన కాలు ఎక్కడ ఆగుతోందో పైకి చెప్పుకుంటూ నాలుగైదుసార్లు బండి కదిపి చూసుకోవాలి. పక్కవాళ్లు నవ్వితే నవ్వనీ.

ఇక మొదటి పాఠం. నా మాట వింటే మొదటి గంట యాక్సిలరేటర్ మీద కాలే పెట్టనివ్వకండి. సమతలంగా ఉన్న చోట, మొదటి గేరులో, క్లచ్ ఒక్కదానితోనే బండిని కదిలించవచ్చు. చిన్న కారులో మొదటి గేరు నిష్పత్తి సుమారు 3.5, దాని తర్వాత చక్రాలకు ముందు వేగాన్ని ఇంకోసారి తగ్గించే ఫైనల్ డ్రైవ్ నిష్పత్తి సుమారు 4, రెండూ గుణిస్తే 14. అంటే ఇంజిన్ పద్నాలుగు చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. 800 చుట్ల దగ్గర చక్రం నిమిషానికి 57 సార్లు తిరిగితే, చుట్టుకి 1.8 మీటర్ల లెక్కన, గంటకి 6 కిలోమీటర్లు. చురుగ్గా నడిచే మనిషి వేగం. దానికి యాక్సిలరేటర్ అక్కర్లేదు. ఇప్పటి కార్లలో ఇంజిన్ వేగం పడిపోతుంటే కంప్యూటరే కాస్త ఇంధనం పెంచి నిలబెడుతుంది. డీజిల్ బండి అయితే ఇంకా సులువు, తక్కువ చుట్లలోనే దానికి బలం ఎక్కువ.

దీనివల్ల లాభం ఏమిటంటే, పిల్లల ధ్యాస రెండు కాళ్ల మధ్య చీలదు. రెండు పెడళ్లు ఒకేసారి నేర్పితే ఏ కాలు తప్పు చేసిందో వాళ్లకూ తెలియదు, మనకూ తెలియదు. బండి అరిచిందంటే కుడి కాలు ఎక్కువైంది, ఆగిపోయిందంటే ఎడమ కాలు తొందరపడింది, రెండూ కలిస్తే ఉత్త గందరగోళం. ఇంకోటి, ఏసీ కట్టేయండి. కంప్రెసర్ ఇంజిన్ మీద భారం వేస్తుంది, పైగా ఆ ఫ్యాను హోరులో ఇంజిన్ శబ్దం వినబడదు. మే నెలలో ఇది చెబితే పిల్లలు ఒప్పుకోరనుకోండి, అందుకే పొద్దున్నే ఆరింటికి వెళ్లాలి.

మా అన్నయ్య కూతురికి ఇలాగే నేర్పాను. ఊరి బయట అమ్ముడుపోని వెంచరు ఒకటి ఉంది. సిమెంటు రోడ్లు వేసి, ప్లాట్లకి హద్దురాళ్లు పాతి వదిలేశారు. గేదెలు తప్ప ఎవరూ రారు. మొదట ఆ పిల్ల తొడ వణుకుతోంది. భయం అనుకున్నాను గానీ చూస్తే సీటు దూరంగా ఉంది, క్లచ్ అందక కాలు చాపి నొక్కుతోంది. రెండు గాట్లు ముందుకు జరిపితే వణుకు ఆగింది. పెడల్ అడుగుదాకా నొక్కినా మోకాలు కాస్త వంగి ఉండాలి, అదీ కొలత.

"ఎక్కడ ఆపాలో నాకెలా తెలుస్తుంది బాబాయ్?"

"కిందికి చూడకు, విను. ఇంజిన్ గొంతు కాస్త దిగుతుంది."

కాసేపు నిశ్శబ్దం. "దిగింది!"

"అక్కడే ఉంచు. కాలు కదపకు."

బండి పాకడం మొదలుపెట్టింది. ఆ పిల్ల రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని గొంతు తగ్గించి, "నేనేం చేయట్లేదు బాబాయ్, అదే పోతోంది" అంది.

అదే కావాలి. కదిలించు, ఆపు, కదిలించు, ఆపు. విసుగొచ్చేదాకా ఇదొక్కటే. విసుగొచ్చిందంటే కాలికి వచ్చిందనే గుర్తు. తర్వాత యాక్సిలరేటర్ చేర్చితే అది పావుగంట పని.

బండి ఆఫ్ అవడాన్ని కూడా పాఠంగానే పెట్టాలి. కావాలనే ఆఫ్ చేయించండి. క్లచ్ టక్కున వదలమనండి, ఆగిపోనివ్వండి, తర్వాత వరస చెప్పించండి: బ్రేకు, క్లచ్ రెండూ నొక్కు, న్యూట్రల్ చెయ్, తాళం తిప్పు, మొదటి గేరు. ఖాళీ రోడ్డు మీద ఇది అలవాటైన పిల్ల, రేపు సిగ్నల్ దగ్గర వెనక ఆటో హారన్ మీద హారన్ కొడుతున్నా ఆ వరస మర్చిపోదు. టెన్షన్‌లో మనిషికి కొత్తగా ఆలోచించడం రాదు, అలవాటైనదే గుర్తొస్తుంది.

ఇప్పటికే బండి నడిపేవాళ్ల గురించి ఒక మాట. గేర్ల బైకు తోలే కుర్రాడికి కారు త్వరగా వస్తుందని అందరూ అనుకుంటారు. క్లచ్ అంటే ఏమిటో వాడికి తెలుసు, నిజమే. కానీ వాడికో అలవాటు కూడా ఉంటుంది. బైకును రైజ్ చేసి హాఫ్ క్లచ్‌లో పట్టుకుని ట్రాఫిక్‌లో దూరిపోతుంటాడు. బైకుల్లో చాలావాటికి క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉంటుంది, ఒకటికి నాలుగైదు ప్లేట్లుంటాయి, ఆ జారుడుని తట్టుకుంటుంది. మామూలు మాన్యువల్ కారులో ఉండేది ఒక్క పొడి ప్లేటు. అదే పని కారులో చేస్తే వాసన వచ్చేస్తుంది. అందుకే స్కూటీ తప్ప ఏదీ ఎరగని ఆడపిల్ల, బైకు తోలే అన్న కన్నా శుభ్రంగా క్లచ్ నేర్చుకోవడం అరుదేమీ కాదు. మానిపించాల్సిన అలవాటు ఆమెకు లేదు. అయినా మన ఇళ్లలో కారు తాళాలు ముందు అన్న చేతికే వెళతాయి, అది వేరే వ్యాసం.

నేర్పేవాళ్ల నోటి విషయానికొస్తే, మన దగ్గర ప్రతి తండ్రీ అనే మాట "చూసుకో, చూసుకో!" దాంట్లో సమాచారం ఏమీ లేదు. ఏం చూడాలి? కుడివైపా, ఎడమవైపా, కుక్కనా, గుంతనా? ఆ అరుపుకి పిల్లలు చేసే మొదటి పని నేర్పేవాళ్ల ముఖంలోకి చూడటం, అంటే రోడ్డు మీంచి కళ్లు తీసేయడం. పెడల్ పేరు, దిక్కు, ఇవి రెండూ ఉన్న మాటలే పనికొస్తాయి. "ఎడమకి కొంచెం." "యాక్సిలరేటర్ వదిలెయ్." ప్రమాదం అనిపిస్తే అనడానికి ముందే ఒక్క మాట ఒప్పందం చేసుకోండి, "రెండూ!" అని. ఆ మాట వినగానే బ్రేకు, క్లచ్ రెండూ అడుగుదాకా నొక్కేయాలి. ఎందుకు, ఏమిటి అని అడగకూడదు. మొదటి రోజే దాన్ని ఉత్తుత్తిగా పదిసార్లు అనిపించి నొక్కించాలి. తప్పుల మీద ఉపన్యాసం మాత్రం బండి ఆపాకే. కదులుతున్న కారులో వివరణ ఎవరికీ ఎక్కదు.

డ్రైవింగ్ స్కూలుకు పంపితే సరిపోదా అంటే, రోడ్డు మర్యాద, రివర్స్ లాంటివి అక్కడ బాగా నేర్పేవాళ్లున్నారు. మొదటి వారం ట్రాఫిక్‌లోకి తీసుకెళ్లాలంటే ఆ కారే నయం కూడా, ఎందుకంటే నేర్పేవారి కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు, ఇంకో క్లచ్ ఉంటాయి. చిక్కంతా ఆ రెండో క్లచ్‌తోనే. రద్దీలో బండి ఆఫ్ కాకూడదని చాలామంది ఇన్‌స్ట్రక్టర్లు ఆ క్లచ్ వాళ్లే తొక్కుతుంటారు. పిల్లలు స్టీరింగ్ తిప్పుతూ తామే నడుపుతున్నామనుకుంటారు. కోర్సు అయిపోయి ఇంటి కారు ఎక్కితే మొదటి నిమిషంలోనే ఆగిపోతుంది. స్కూల్లో చేరిన రెండో రోజే "క్లచ్ నన్ను తొక్కనివ్వండి సార్, ఆఫ్ అయితే అవనివ్వండి" అని అడగమని పిల్లలకు చెప్పి పంపండి.

చట్టం సంగతి ఇక్కడ తప్పదు. మన దేశంలో కారు నేర్చుకోవడానికి 18 ఏళ్లు నిండాలి. 16 ఏళ్లకు దొరికేది 50 సీసీ మించని బైకు లైసెన్సు మాత్రమే. అంటే టీనేజీలో కారుకు మిగిలేది చివరి రెండేళ్లే. ముందు ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవాళ్ల లైసెన్సు, తీసుకోవాలి, అది ఆరు నెలలు చెల్లుతుంది, తీసుకున్న 30 రోజుల తర్వాతే డ్రైవింగ్ టెస్టుకు వెళ్లొచ్చు. కారుకి ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి 'ఎల్' ఉండాలి. పక్కన లైసెన్సు ఉన్నవాళ్లు, బండిని అదుపు చేయగల లేదా ఆపగల స్థానంలో కూర్చోవాలి. ఈ చివరి షరతు వల్ల నేర్పడానికి హ్యాండ్ బ్రేక్ లివర్ రెండు సీట్ల మధ్య ఉన్న పాతకాలపు కారే మేలు. నేర్పేవాళ్ల చేయి దాని మీదే ఉండాలి, ఫోను మీద కాదు.

"మా వాడు పదిహేనేళ్లకే నడిపేస్తాడు" అని గొప్పగా చెప్పుకునే తల్లిదండ్రులు 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 199ఎ సెక్షన్ గురించి తెలుసుకోవాలి. మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఉండదు.

ఆటోమేటిక్‌లు ఇన్ని వచ్చాక ఈ తంటా ఎందుకని అడిగేవాళ్లకు నా దగ్గర గట్టి వాదన ఏమీ లేదు. 2014లో మారుతీ సెలేరియోతో ఏఎంటీ, అంటే గేర్లు తనే మార్చుకునే మాన్యువల్ గేర్‌బాక్స్, వచ్చినప్పటి నుంచి చిన్న కార్లలోనూ క్లచ్ పెడల్ లేనివి దొరుకుతున్నాయి. దాంట్లో కూడా క్లచ్ ఉంటుంది, తొక్కే పని ఒక యంత్రం చూసుకుంటుంది, అంతే. ఊళ్లోనే తిరిగేవాళ్లకు అది సుఖమే. కానీ ఇంట్లో ఉన్నదీ, స్నేహితుడి దగ్గర ఉన్నదీ, సెకండ్ హ్యాండ్‌లో తక్కువకు వచ్చేదీ ఇంకా చాలాచోట్ల మాన్యువలే. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకైతే ఇది ఇంకా సూటి లెక్క. అక్కడ 17 ఏళ్లకే కారు నేర్చుకోవచ్చు గానీ, ఆటోమేటిక్‌లో టెస్టు పాసైతే లైసెన్సు ఆటోమేటిక్‌కే పరిమితం. మాన్యువల్‌లో పాసైతే రెండూ నడపొచ్చు.

గేర్లలో నిజంగా చెప్పాల్సినవి రెండు మూడే. రెండు నుంచి మూడుకు వెళ్లేటప్పుడు కొత్తవాళ్లు రాడ్డుని పిడికిలితో బిగించి పట్టుకుని మళ్లీ ఒకటిలోకో, ఏకంగా ఐదులోకో తోసేస్తారు. న్యూట్రల్‌లో రాడ్డు దానంతట అదే మధ్యకు వస్తుంది, లోపల స్ప్రింగు ఉంది. కాబట్టి అరచేయి తెరిచి, నేరుగా ముందుకు నెడితే మూడే పడుతుంది. ముందుకు వెళ్లే గేర్లు కరకరలాడకుండా పడటానికి సింక్రోమెష్ అనే ఏర్పాటు ఉంది. దాన్ని మొదట 1928లో క్యాడిలాక్ కారులో పెట్టారు. అది లేని పాత లారీల మీద పనిచేసిన డ్రైవర్లు ప్రతి గేరుకీ క్లచ్ రెండేసిసార్లు తొక్కేవారు. చాలా కార్లలో రివర్స్ గేరుకి ఈ సదుపాయం ఇప్పటికీ లేదు, అందుకే బండి పూర్తిగా ఆగాకే రివర్స్ వేయాలి. పడకపోతే బలవంతం చేయొద్దు. న్యూట్రల్ చేసి, క్లచ్ వదిలి, మళ్లీ నొక్కి వేస్తే పడుతుంది.

బ్రేకు వేసే ప్రతిసారీ ముందు క్లచ్ తొక్కడం ఇంకో దురలవాటు. బండి ఆఫ్ అవుతుందన్న భయంతో పుట్టేది ఇది. క్లచ్ తొక్కిన క్షణం నుంచి ఇంజిన్ బండిని పట్టి ఉంచడం మానేస్తుంది, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ముందు బ్రేకు, ఆగబోయే ముందు క్లచ్. ఒక్క "రెండూ!" అన్నప్పుడు తప్ప.

ఎత్తు మీద ఆగి కదలడం మాత్రం చివరకు ఉంచండి. ఫ్లైఓవర్ ఎక్కుతూ జామ్‌లో ఇరుక్కున్న కొత్త డ్రైవరుకి వెనక బంపరు అంగుళాల దూరంలో ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచి, క్లచ్‌ని పట్టు దొరికే చోటికి తెచ్చి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి, బండి ముక్కు లేవబోతున్నట్టు అనిపించాక హ్యాండ్ బ్రేక్ దించాలి. హిల్ హోల్డ్ ఉన్న కార్లు రెండు మూడు సెకన్లు తామే పట్టుకుంటాయి, అయినా హ్యాండ్ బ్రేక్ పద్ధతి వచ్చి ఉండాలి. ఎక్కడా చేయకూడనిది, హాఫ్ క్లచ్‌తోనే బండిని ఎత్తు మీద నిలబెట్టడం. చూడటానికి అది గొప్ప నేర్పులా కనిపిస్తుంది, ప్లేటు మాత్రం నిలబడిన చోటే అరిగిపోతుంటుంది.

దిగేటప్పుడు ప్రమాదం ఇంకో రకం. తిరుమల నుంచో శ్రీశైలం నుంచో ఘాట్ దిగుతూ పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, పిల్లలకు నేర్పేవాళ్లూ ఉన్నారు. కార్బురేటర్ రోజుల్లో దానివల్ల ఎంతో కొంత మిగిలిందేమో. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న ఇంజిన్ గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే, చక్రాలే దాన్ని తిప్పుతుంటాయి కాబట్టి ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో వేస్తేనే, ఆగిపోకుండా తిరగడానికి మళ్లీ ఇంధనం తాగుతుంది. అంటే న్యూట్రల్‌లో పెట్రోలూ ఖర్చవుతుంది, ఇంజిన్ పట్టూ ఉండదు, బ్రేకులు వేడెక్కి పెడల్ తొక్కినా పట్టని స్థితి వస్తుంది. పాత డ్రైవర్లు చెప్పే లెక్కే సరైనది: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. మలుపులు ఎక్కువున్న చోట అది చాలాసార్లు రెండో గేరు అవుతుంది. ఇంజిన్ కాస్త గట్టిగా అరుస్తుంది, అరవనివ్వాలి.